బీరువాలో పాస్‌పోర్టు

ఫారంలో పద్నాలుగో ప్రశ్న అది. "నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా?" నెలకోసారి మా విదేశీ విద్యార్థులందరికీ ఫోన్లో పంపే ఫారం. మిగతా పిల్లలు ఆ ప్రశ్న చదివినట్టు కూడా అనిపించదు. ఉందని టిక్కు పెట్టేసి, కింద దోమల గురించీ కారం గురించీ పేజీలు పేజీలు రాస్తారు. సుల్తానాబాద్‌లో ఉంటున్న ఇటలీ అమ్మాయి మాత్రం "లేదు" అని పెట్టింది. కింద ఖాళీలో ఒక్కటే వాక్యం: "వచ్చిన రోజు సాయంత్రమే ఈ ఇంటి నాన్న తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు."

చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. చేతిలో ఉన్న చాయ్ కాలి మీద ఒలికినా నాకు తెలియలేదు, తర్వాత చూసుకుంటే ఎర్రగా కందింది. ఆ ఇల్లు వెతికింది నేను. ఆ ఇంటికి మూడుసార్లు పోయి, వాళ్లతో కూర్చుని తిని, "మంచి మనుషులు, అమ్మాయికి ఏ ఇబ్బందీ ఉండదు" అని రాసి సంతకం పెట్టింది కూడా నేనే.

అప్పటికి నాకు ఇరవై ఒక్క ఏళ్లు. డిగ్రీ అయిపోయి, ఏదో ఎంట్రన్సుకు చదువుతున్నానని ఇంట్లో నమ్మించి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్న రోజులు. మా బాపు మిషన్ దవాఖానలో పనిచేసి రిటైరైన మనిషి, ఖాళీగా కూర్చునేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మంట. ఒక ఆదివారం చర్చిలో ఎవరో ఇచ్చారని ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. మన పిల్లలను ఒక విద్యా సంవత్సరం బయటి దేశాలకు పంపి, అక్కడి పిల్లలను ఇక్కడి ఇళ్లలో ఉంచి చదివించే స్వచ్ఛంద సంస్థ ఒకటి కరీంనగర్‌లో ఆఫీసు తెరిచింది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్. "ఇంట్ల ఊకె కూసునుడుకన్న నయం గద బిడ్డా, పోయి జూడు," అన్నాడు.

ఆఫీసంటే టైల్స్ షాపు పైన రెండు గదులు. ఒక మేడం, ఒక ప్రింటరు, నేను. చేరిన రోజు మేడం నా ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగారు. పదో తరగతి మెమో నుంచి డిగ్రీదాకా అన్నీ ఒకే కవర్లో ఉన్నాయి. డిగ్రీ కాలేజీ వాళ్లు మూడేళ్లు వాళ్ల దగ్గర పెట్టుకుని ఈమధ్యే ఇచ్చారు, ఆ కవరు అంటించింది అంటించినట్టే ఉంది. అలాగే మేడం చేతిలో పెట్టాను. ఆవిడ నా మెడలో వేసుకోమని ఒక ఐడీ కార్డు ఇచ్చారు. ఆ కార్డు చూసుకుని నేను పొంగిపోయిన పొంగు అంతా ఇంతా కాదు. బస్సులో కూడా తీసేదాన్ని కాదు.

నా పని ఇళ్లు వెతకడం. పది నెలలు ఒక పరాయి దేశపు పిల్లను సొంత పిల్లలా చూసుకునే ఇల్లు, అదీ ఒక్క రూపాయి తీసుకోకుండా. చెప్పినంత తేలిక కాదు. ఒకామె "ఆ పిల్ల మా పిలగాన్ని ప్రేమిస్తే ఎవలు బాధ్యులు?" అని అడిగింది. వాళ్ల పిలగాడికి పన్నెండేళ్లు. ఇంకొకాయన ఆ పిల్లతో వాళ్ల దేశపు వీసా వస్తుందేమోనని ఆరా తీశాడు. ఎక్కిన గడప దిగిన గడప, ఎవరూ ఔననలేదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, రెండు మూడు ఇళ్లలో మాట కూడా జారాను.

ఆ రోజుల్లో దొరికింది సుల్తానాబాద్ ఇల్లు. ఆయన పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో పనిచేసి, అక్కడి గుర్తింపు కార్డు కూడా వెంట తెచ్చుకుని వచ్చేసి, ఇప్పుడు తన మూడెకరాల పొలంలో వరి వేసుకుంటున్నాడు. కూతురి పెళ్లయింది, ఆమె గది ఖాళీగా ఉంది. నేను ఆయన్ని కాకా అనీ, ఆయన భార్యను చిన్నమ్మ అనీ పిలిచేదాన్ని. నేను ఫారం తెరిచి ప్రశ్నలు మొదలుపెట్టకముందే కాక ఒప్పుకున్నాడు.

"పరాయి దేశంల మనిషి ఎట్లుంటడో నాకెర్కే బిడ్డా," అన్నాడు. "పద్దెనిమిదేండ్లల్ల ఒక్కలన్న వాళ్లింటికి రమ్మనలే, తిన్నవా అని అడుగలే. ఆ పిల్లను గట్ల ఉండనియ్య. తోలుకరా."

అంతటితో ఆగలేదు. పిల్ల వస్తుందని కమోడ్ పెట్టించాడు, గీజరు పెట్టించాడు, గది తలుపుకు లోపలి నుంచి గొళ్లెం లేదని నేనంటే ఆ సాయంత్రమే వడ్లాయనను పిలిపించి కొట్టించాడు. పిల్ల వచ్చిన వారానికే కారు మాట్లాడి బాసర తీసుకుపోయారు. అక్కడ చిన్నమ్మ, "మన అక్షరాలు ఇప్పుడే గద మొదలుపెడుతుంది, చిన్నపిల్లనే లెక్క," అని వాదించి, పదిహేడేళ్ల పిల్లను పసిపిల్లల వరుసలో కూర్చోబెట్టి పలక మీద దిద్దించింది. ఆ ఫోటో మా ఆఫీసు గోడకు అంటించుకున్నాం. ఆ అమ్మాయి సొంత అమ్మానాన్నలను పిలిచినట్టే వాళ్లను అవ్వ, బాపు అని పిలిచేది.

అలాంటి ఇంట్లో పాస్‌పోర్టు లాక్కున్నారంటే నమ్మలేకపోయాను. ఫారం మళ్లీ చదివాను, ఇంకో పిల్ల ఇల్లేమోనని పేరు చూశాను. అదే ఇల్లు.

ఫోన్ పట్టుకుపోయి మేడంకు చూపించాను. మా సంస్థలో కొన్ని తప్పులకు మందలింపు చాలు, కొన్నింటికి చాలదు. పాస్‌పోర్టు తీసుకోవడం రెండో రకం. ఆ రోజే పిల్లను ఆ ఇంట్లోంచి తీసుకురావాలి, ఆ కుటుంబానికి ఇంకెప్పుడూ ఏ పిల్లనూ అప్పగించకూడదు, పిల్ల తల్లిదండ్రులకు కారణం రాసి పంపాలి. "సామాన్లతో సహా తీసుకొచ్చెయ్. వాళ్లతో వాదన పెట్టుకోకు. ఇంత జరిగితే మూడుసార్లు పోయినదానివి నీకేం కనపడలేదా?" అన్నారు.

ఆ మాట నన్ను బస్సు ఎక్కేదాకా, ఎక్కాక కూడా పొడుస్తూనే ఉంది. కిటికీ పక్కన కూర్చుని ఆయన్ని ఏమేం అడగాలో మనసులో అనుకుంటూ పోయాను. నవ్వుతూ మాట్లాడి నమ్మించాడు, బువ్వ పెట్టి కళ్లు కప్పాడు. గల్ఫ్‌కు మనుషులను పంపి మోసం చేసే ఏజెంట్ల గురించి విన్నవన్నీ గుర్తుకొచ్చాయి. అయిన వాళ్లు ద్రోహం చేసినట్టే ఉంది నాకు.

నేను పోయేసరికి చిన్నమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని సర్వపిండి అద్దుతోంది. ఇటలీ అమ్మాయి పక్కనే పీట మీద కూర్చుని, వేలితో పిండికి చిల్లులు పెడుతోంది. నన్ను చూడగానే లేచింది. నేనెందుకు వచ్చానో దానికి అర్థమైపోయింది.

"నేను ఫిర్యాదు చేయలేదు," అంది ఇంగ్లిషులో, గొంతు తగ్గించి. "అడిగారు కాబట్టి నిజం రాశాను."

"మరి నెల్లాళ్లు ఎందుకు చెప్పలేదు?"

"ఇక్కడ పద్ధతేమో అనుకున్నాను. రాత్రుళ్లు మాత్రం భయమేసేది. ఇంత ప్రేమగా ఉండేవాళ్లు ఇదెందుకు తీసుకున్నారో తెలిసేది కాదు. అడిగితే బాధపడతారేమోనని అడగలేదు."

చిన్నమ్మకు మా మాటలు ఒక్కటీ తెలియదు. "అట్ల నిలవడ్డవేంది బిడ్డా, కూసో. ఎండల పడొచ్చినవు. వేడివేడిది తిందువు," అని పళ్లెం నా ముందుకు జరిపింది. నేను కూర్చోలేదు. ఆ ఇంట్లో పళ్లెం ముట్టకపోవడం అదే మొదటిసారి, ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

కాక అప్పుడే నాట్ల దగ్గర నుంచి వచ్చాడు, మోకాళ్లదాకా బురద. కాళ్లు కడుక్కోనిచ్చేంత ఓపిక కూడా నాకు లేకపోయింది.

"కాకా, ఈ పిల్ల పాస్‌పోర్టు ఏది?"

ఆయన ముఖం వెలిగింది. నేను ఊహించుకున్నవన్నీ తలకిందులు చేసేలా వెలిగింది. "భద్రంగున్నది బిడ్డా. ఆఫీసోళ్లు చెకింగు చేస్తున్నరా? మంచిదే, చెయ్యాలె. రా, సూపిస్త."

బీరువా తెరిచాడు. లోపలి అరలో పొలం పాసుపుస్తకం, కూతురి బంగారం డబ్బా, రబ్బరు బ్యాండు వేసిన ఆయన పాత పాస్‌పోర్టులు. వాటన్నిటి మీద పట్టు జాకెట్టు గుడ్డలో చుట్టి, జిప్పు కవర్లో పెట్టి, కవర్లో కలరా ఉండ వేసి, ఆ పిల్ల పాస్‌పోర్టు. "సూడు, కొస గూడ మడత వడలే," అన్నాడు.

"నిన్నెవలు తీస్కోమన్నరు కాకా?" నేను అరిచాను. "గిది నేరం, తెలుసా? ఇంకొకల పాస్‌పోర్టు పట్టుకుంటే పోలీసు కేసైతది!"

ఆయన నవ్వు అలాగే ఉంది గానీ కళ్లలోంచి పోయింది. వంటింట్లోంచి చిన్నమ్మ, పిల్ల ఇద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నేరమేంది బిడ్డా? పిలిపించుకున్నోని కాడనే గద పాస్‌పోర్టు ఉండేది. గదే గద ఖాయిదా. దిగంగనే తీస్కుంటరు, కార్డిస్తరు. నేను గూడ కార్డిచ్చిన గద," అని పిల్ల మెడకేసి చూపించాడు.

దాని మెడలో నీలం తాడుకు ఒక లామినేషన్ కార్డు వేలాడుతోంది. వాళ్లు పంపిన ఫోటోలన్నిట్లో ఆ కార్డును చూశాను, కాలేజీ కార్డనుకున్నాను. ఇప్పుడు దగ్గరికి పోయి చదివాను. పిల్ల ఫోటో, పేరు, దేశం, రక్తం గ్రూపు. కింద "బాధ్యుడు" అని ఆయన పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు. పక్కన ఆయన సంతకం. గల్ఫ్‌లో పనోళ్లకు ఇచ్చే కార్డును, మనవాళ్లు అకామా అనేదాన్ని, మొదటిసారి పోయినప్పుడు ఆయన నాకు చూపించాడు. అచ్చం దాన్నే పక్కన పెట్టుకుని సుల్తానాబాద్ జిరాక్స్ సెంటర్లో దగ్గర కూర్చుని చేయించాడు.

దొంగను పట్టుకోవడానికి వచ్చినదాన్ని. ఎదురుగా ఉన్నది తనకు తెలిసిన మర్యాదను ఒక్కటీ తప్పకుండా చేసిన మనిషి.

కోపం మాత్రం ఇంకా దిగలేదు. దిగాల్సిన చోట దిగకపోవడం నా అలవాటు. "గది ఖాయిదా గాదు కాకా. ఆడ గూడ తప్పే. ఆ దేశం కానూన్ల గూడ తప్పే. పాస్‌పోర్టు ఎవలిది వాళ్లకాడనే ఉండాలె," అన్నాను.

ఈ వివరం మా శిక్షణ పుస్తకంలో ఉంది. గెలిచినట్టు చెప్పాను. చెప్పిన మరుక్షణం ఆయన్ని చూసి, ఎందుకు చెప్పానా అనుకున్నాను.

ఆయన మంచం పట్టెమీద కూర్చున్నాడు. పాస్‌పోర్టు ఇంకా చేతిలోనే ఉంది.

"ఆడ గూడ తప్పేనా?" అన్నాడు. "పద్దెనిమిదేండ్లు నా పాస్‌పోర్టు కఫీల్ కాడనే ఉండె." కఫీల్ అంటే అక్కడ పనికి పిలిపించుకున్న యజమాని. "మంచోడే. ఎన్నడు తిట్టలే, కొట్టలే. మా అవ్వ సచ్చిపోయినప్పుడు ఆయన ఇంకేదో దేశం వోయిండు. పాస్‌పోర్టు బీరువల ఉండె. పదకొండొద్దులు సూసిన. ఆయనొచ్చిండు, ఇచ్చిండు, నేనొచ్చిన. అప్పటికి దినాలు గూడ ఒడిసినయ్."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ కథ ఆమెకు తెలుసు, కానీ అందులో తప్పెవరిదో ఆమెకూ ఇప్పుడే తెలిసింది.

ఆయన నేల చూస్తూనే ఇంకో మాట అన్నాడు. అది మాతో అన్నట్టు లేదు.

"కఫీల్ కొడుకు ఇంట్లనే ఉండె. బీరువా తాళం ఆ కొడుకు కాడ గూడ ఉండొచ్చు. ఒక్కసారన్న అడుగలే నేను. అడుగొద్దేమో అనుకున్న."

బురద ఆరని కాళ్లతో యాభై దాటిన మనిషి నా ముందు కూర్చుని, తల్లి చావుకు తాను రాగలిగి ఉండేవాడేమో అని మొదటిసారి లెక్క వేసుకుంటున్నాడు. ఆ లెక్క ఆయన నెత్తిన వేసింది మెడలో కార్డు తగిలించుకున్న నేను.

పిల్ల నా చెయ్యి గుంజింది. ఏమంటున్నాడని అడిగింది. చెప్పాను, ఉన్నదున్నట్టు. వింటూ వింటూ అది రెండు చేతులతో ముఖం కప్పుకుంది, చేతులకున్న పిండి నుదుటికంతా అంటుకుంది. కాక లేచి, పాస్‌పోర్టు రెండు చేతుల్తో పట్టుకుని దానికిచ్చాడు. "తప్పైంది బిడ్డా," అన్నాడు. పిల్లకు ఆ మాట ఎవరూ నేర్పలేదు, అయినా అర్థమైంది. "కాదు బాపు, కాదు," అని ఏడ్చింది.

వాకిట్లోకి వచ్చి మేడంకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. కార్డు సంగతి, కఫీల్ సంగతి, పదకొండు రోజుల సంగతి. ఆవిడ విన్నారు. ఆవిడ రాయి కాదు, అవతల గొంతు సవరించుకోవడం వినిపించింది. అయినా, "ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. రూలు ఉద్దేశాలు చూడదు. ఒక మనిషి కాగితాలు మన దగ్గర పెట్టుకున్నామంటే ఆ మనిషి మన చేతిలో ఉన్నట్టే. పిల్లను తీసుకునిరా," అన్నారు.

"మేడం," అన్నాను, "నావి మీ దగ్గరున్నయి గద."

అనాలని అన్న మాట కాదు. నోట్లోంచి వచ్చేదాకా అది నా బుర్రలో లేదు. విని నేనే నిర్ఘాంతపోయాను. కాలేజీలో మూడేళ్లు, ఆఫీసులో నాలుగు నెలలు, నా చదువంతా ఎవరి బీరువాలోనో ఉంది. ఒక్కరోజు కూడా అది నాకు వింతగా అనిపించలేదు. కార్డు ఇచ్చారని సంబరపడ్డాను.

"అది వేరు," అన్నారు మేడం.

"ఏం వేరు?"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. మేడం లేచినట్టున్నారు. "పిల్లను అక్కడే ఉండనీ. నేను వస్తున్నాను," అన్నారు.

సాయంత్రం అవుతుండగా వచ్చారు. పిల్లతో గదిలో ఒంటరిగా, తలుపు వేసుకుని, చాలాసేపు మాట్లాడారు. మేం ముగ్గురం వాకిట్లో కూర్చున్నాం. పొద్దున అద్దిన సర్వపిండి చల్లారి గట్టిపడిపోయింది, దాన్నే చిన్నమ్మ తుంచి నా చేతిలో పెట్టింది, ఈసారి తిన్నాను. కాక పిల్ల పెట్టె తనే తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు, తీసుకుపోతారనే అనుకున్నాడు. తలుపు తెరుచుకున్నాక పిల్ల బయటికి వచ్చి, ఆ పెట్టెను చూసి, ఎత్తుకుని మళ్లీ లోపలికి పోయింది. అదే తీర్పు. మేడం జరిగింది జరిగినట్టు రాసి పంపారు, పిల్ల తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, గడువు ముగిసేదాకా అది అక్కడే ఉంది.

తర్వాత తర్వాత ఎలుకల భయంతో ఆ పిల్లే పాస్‌పోర్టు బీరువాలో పెట్టమని అడిగింది. కాక ముట్టనన్నాడు. బీరువా తాళంచెవి దాని చేతికిచ్చి, "నువ్వే పెట్టుకో, నువ్వే తీస్కో," అన్నాడు. ఇంటి పత్రాలు, బంగారం ఉన్న బీరువా తాళం ఆ పిల్ల వెళ్లిపోయేదాకా దాని మెడలో, ఆ లామినేషన్ కార్డు పక్కనే ఉంది. చిన్నమ్మకు బంగారు గాజులు కావాలన్నా దాన్నే అడగాలి.

నేను మాత్రం ఆ మర్నాడే మేడం ముందు నిలబడ్డాను. తెల్లవార్లూ మాటలు కూర్చుకున్నాను. ఇవ్వనంటే ఏమనాలి, ఇంటర్న్‌షిప్ ఆపేస్తానంటే ఏమనాలి, ఇంట్లో మా బాపుకు ఏం చెప్పాలి. "మేడం, నా సర్టిఫికెట్లు నాకు కావాలి," అన్నాను.

ఆవిడ తలెత్తి చూశారు. సొరుగు లాగారు. దానికి తాళం కూడా లేదు. నా కవరు తీసి బల్ల మీద పెట్టి నా వైపు జరిపారు.

"ఎప్పుడు అడిగినా ఇచ్చేదాన్ని కదా," అన్నారు.

అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ తర్వాత సుల్తానాబాద్ ఎన్నోసార్లు పోయాను, ఇప్పటికీ పోతుంటాను. కాక ఎదురుగా కూర్చుని గంటలు గంటలు మాట్లాడతాను, ఆఫీసు కబుర్లన్నీ చెప్తాను. నా కవరు ఒక్కసారి అడగ్గానే వచ్చేసిందని మాత్రం ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.